ఇరవై ఐదో హామ్‌స్టర్

మా ప్రయోగానికి ఇరవై నాలుగు హామ్‌స్టర్లు కొన్నారు. ఇరవై ఐదోది నేను. గొప్ప కోసం చెప్పుకోవడం లేదు, ల్యాబ్ నోట్‌బుక్కులో సిరాతో రాసి ఉంది.

ఎనభైల మొదట్లో మాట. ఆంధ్రాలో పశువైద్యం చదివి, టెక్సస్‌లో ఒక యూనివర్సిటీ ఊళ్ళో పై చదువుకి చేరాను. గేదె కడుపులో అడ్డం తిరిగిన దూడని మోచేతి దాకా చెయ్యి పెట్టి లాగిన అనుభవం నాది. ఆ చేతికి ఇక్కడ హామ్‌స్టర్ కాళ్ళకి సూది గుచ్చే పని దొరికింది. హామ్‌స్టర్ అంటే తోక పెట్టడం మర్చిపోయిన ఎలుక. గింజలన్నీ బుగ్గల్లో దాచుకుంటుంది, మనిషి చెయ్యి కనిపిస్తే కరుస్తుంది. చూడ్డానికి ముద్దుగా ఉంటుందని అమెరికాలో పిల్లలకి కొనిపెడతారు. ఆ పిల్లల మీద నాకు జాలి.

కాలా అజార్ అనే జ్వరం పేరు మనవాళ్ళు వినే ఉంటారు. దాన్ని తెచ్చే లీష్మేనియా అనే పరాన్నజీవికి ఒక దాయాది ఉంది. అది లోపలి అవయవాల జోలికి పెద్దగా పోదు, తోలు మీద పుండు పెట్టి అక్కడే స్థిరపడుతుంది. బయట పొదల్లో ఇసుక ఈగ కుట్టి అంటిస్తుంది. మా ల్యాబ్‌లో ఆ ఈగ ఉద్యోగం నాది. పన్నెండు హామ్‌స్టర్ల వెనక పాదాల్లోకి పరాన్నజీవుల్ని, మిగతా పన్నెండింటికి ఉత్త ఉప్పునీళ్ళనీ ఎక్కించాలి. ప్రతి సోమవారం కాలిపర్ పెట్టి పాదం మందం కొలవాలి. రెండు వారాలకోసారి చుక్క రక్తం తీసి స్లైడు మీద పామాలి. చివర్లో అన్నింటినీ కోసి, కండలో ఏం మారింది, రక్తంలో ఏం మారింది రాయాలి. అదే నా థీసిస్.

ఏం మారుతుందో నాకు ముందే తెలుసు. అంతకుముందు బ్యాచి స్లైడ్లు చూస్తూ పని నేర్చుకున్నాను. ఒంట్లో మాక్రోఫేజులని కొన్ని కణాలుంటాయి, పారిశుద్ధ్య శాఖ. అవి ఈ పరాన్నజీవిని చెత్తనుకుని మింగుతాయి. మింగింది చావదు. ఆ కణంలోనే కాపురం పెట్టి, పిల్లల్ని కని, ఇల్లు చాలక గోడ బద్దలుకొట్టుకుని పక్క కణంలోకి పోతుంది. రంగు వేసి మైక్రోస్కోపు కింద పెడితే ఒక్కో కణంలో దానిమ్మ గింజల్లా కిక్కిరిసి ఉంటాయి. ఒక్కో గింజలో ఒక చుక్క, చుక్క పక్కన సన్నటి గీత. ఆ చుక్కా గీతా కనబడితే ఇక అనుమానం లేదు. చుట్టూ తెల్లకణాలు మూగుతాయి, మధ్యలో కండ చచ్చిపోతుంది, పైన తోలు విచ్చుకుంటుంది. చివరికి గట్టు కట్టిన వరిమడిలా, అంచులు లేచి నడుమ పల్లంగా పుండు తయారవుతుంది. రక్తంలో ఎరుపు తగ్గుతుంది, మోనోసైట్లనే పెద్ద తెల్లకణాలు పెరుగుతాయి.

ఇదంతా చదివిన నాలుగో రోజున, తొమ్మిదో నంబరు హామ్‌స్టర్ నా చేతిలో మెలి తిరిగింది. సూది దాని పాదంలోంచి దూరి, గ్లవ్ దాటి, నా ఎడమ చూపుడువేల్లో దిగింది. సిరంజిలో మిగిలింది ఎంతో, నాలోకి వెళ్ళింది ఎంతో తెలీదు. హామ్‌స్టర్ బుగ్గలు నింపుకునే పనిలో పడింది. ఆ గదిలో ఆందోళన పడ్డ జంతువు ఒక్కటే.

వేలు పిండాను, కడిగాను, స్పిరిట్ పోశాను. గోడ మీద కాగితం అంటించి ఉంది: సూది గుచ్చుకున్నా, జంతువు కరిచినా వెంటనే ప్రొఫెసరుకి చెప్పాలి. ఆ కాగితం కిందే నిలబడి, చెప్పకూడదని నిర్ణయించుకున్నాను.

దీనికి కారణం మా అన్న. అన్న అంటే నా సీనియర్, రూమ్మేటు, కరీంనగర్ మనిషి. ల్యాబ్‌లో స్లైడ్లు చదివే పని అతనిది. నేను చేరిన వారమే నాకు ఒక కథ చెప్పాడు. ఎవరో కుర్రాడికి ఇలాగే ఏదో జరిగితే జంతువుల గదిలోకి రానివ్వలేదట. గదిలోకి రాకపోతే పనిలేదు, పనిలేకపోతే అసిస్టెంట్‌షిప్ లేదు, అది లేకపోతే వీసా లేదు. ఆ కుర్రాడిది ఒకసారి చెప్పినప్పుడు కెన్యా, ఇంకోసారి చెప్పినప్పుడు కేరళ. దేశం మారినా ముగింపు మారేది కాదు. చెప్తే సీటు పోతుంది, చెప్పకపోతే వేలు పోతుంది. వేళ్ళు పది ఉన్నాయి, సీటు ఒకటే. లెక్క తేలిక అనుకున్నాను.

మూడు వారాల దాకా ఏమీ లేదు. నాలుగో వారం సోమవారం, హామ్‌స్టర్ల పాదాలు కొలుస్తుంటే, నా వేలి మీద గుచ్చుకున్నచోట పెసరగింజంత గట్టిగా తగిలింది. పాదాలు వాచడం మొదలైందీ ఆ వారమే. ఇరవై నాలుగూ కొలిచి రాశాక, కాలిపర్ చేతిలోనే ఉంది కదా అని వేలు కూడా కొలిచాను. కొలిచాక పెన్ను ఆగలేదు. ఇరవై నాలుగో వరస కింద ఇరవై ఐదు అని వేసి, మందం రాశాను.

మా నోట్‌బుక్కు సంగతి చెప్పాలి. అందులో పెన్సిలు వాడకూడదు, పేజీ చింపకూడదు, తప్పు రాస్తే ఒక్క గీత కొట్టి పక్కన సంతకం పెట్టాలి. కొట్టేస్తే సంతకం పెట్టాలి, సంతకం పెడితే ఎవరైనా అడుగుతారు. కాబట్టి కొట్టెయ్యలేదు. తర్వాతి సోమవారం మళ్ళీ కొలిచాను. వరస మధ్యలో ఆపితే ఇంకా అనుమానంగా ఉంటుందని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి పెరుగుతోందో లేదో తెలుసుకోకుండా ఉండలేకపోయాను.

పెరుగుతోంది.

ఆ ఆదివారం అన్న కారులో డల్లాస్ పక్కనున్న ప్లేనో వెళ్ళాం. అక్కడ మా ఊరివైపు ఆంటీ, డాక్టరు అంకుల్ ఉండేవారు. పెళ్ళికాని తెలుగువాళ్ళకి నెలకోసారి పప్పుచారు పెట్టడం ఆంటీ పెట్టుకున్న నియమం. అంకుల్‌కి వేలు చూపించొచ్చు కదా అని మీరనొచ్చు. అంకుల్ మత్తు డాక్టరు. ఆయన దగ్గరికొచ్చిన మనిషి ముందు నిద్రపోతాడు, తర్వాత మాట్లాడ్డాలుండవు. పైగా ఆయనకి తెలిస్తే సాయంత్రానికల్లా డల్లాస్ చుట్టుపక్కల తెలుగిళ్ళన్నింటిలో నా వేలి గురించే ఫోన్లు.

వంటింట్లో గిన్నెలు తుడుస్తుంటే ఆంటీయే పట్టుకుంది.

"ఏంట్రా నాన్నా, ఆ వేలు?"

"ముల్లు గుచ్చుకుందండీ."

"ల్యాబ్‌లో ముళ్ళెక్కడివి?"

"బయట కేక్టస్‌లున్నాయి కదండీ."

"కేక్టస్‌తో నీకేం పని? సరే, ఇటు చూపించు. గడ్డ కడుతోంది. పసుపూ సున్నం పట్టించు, రెండ్రోజుల్లో పక్వానికొచ్చి చితుకుతుంది."

అమెరికాలో సున్నం ఎక్కడిదంటే, అంకుల్ తాంబూలం కోసం ఆవిడ ఇండియా నుంచి మూతకి మైనం పెట్టి తెచ్చిన డబ్బా. వక్క ఉంది, సున్నం ఉంది, ప్లేనోలో తమలపాకు లేదు. ఏడాదిగా ఆ సున్నం ఉద్యోగం లేక కూర్చుని ఉంది. పసుపుతో కలిపి నూరితే ఎర్రగా కుంకంలా అయింది. వేలికి దట్టంగా పట్టించి గుడ్డ కట్టింది. మిగిలిన డబ్బా సంచీలో వేసి ఇచ్చింది.

చురుక్కుమంది. మంట పుట్టిందంటే పనిచేస్తోందని మా అమ్మమ్మ అనేది. నేనూ అదే అనుకున్నాను. నాలుగేళ్ళు చదివిన పశువైద్యం ఆ ఆదివారం సెలవులో ఉంది.

అప్పట్నుంచి రోజూ కట్టు మార్చాను. పైన గ్లవ్, లోపల పసుపూ సున్నం. పది రోజులయ్యాక విప్పి చూస్తే పెసరగింజ లేదు. దాని స్థానంలో గట్టు కట్టిన వరిమడి ఉంది. అంచులు లేచి, నడుమ పల్లంగా, పుస్తకంలో బొమ్మ చూసి వేసినట్టుంది. తొమ్మిదో నంబరు హామ్‌స్టర్ కాలు పక్కన పెట్టి చూశాను. అన్నదమ్ముల్లా ఉన్నాయి.

జబ్బు ముదిరింది కాబట్టి సున్నం కొంచెం ఎక్కువ పట్టించాను.

అన్న నా కట్టు చూశాడు. "ఏమైంది తమ్మీ?"

"వంట చేస్తూ కోసుకున్నా."

"నువ్వు వంట ఎప్పుడు చేసినవ్?"

చెయ్యి జేబులో పెట్టుకున్నాను.

ఆ రోజుల్లో నేను జోకులు బాగా వేసేవాణ్ణి. భయపడ్డప్పుడు నాకు అవి వస్తాయి, కొందరికి చెమట పట్టినట్టు. లోపల మాత్రం ఒకటే లెక్క నడిచేది. ఈ జబ్బుకిచ్చే మందు ఏమిటో చదివాను. లోహపు ఉప్పు, వారాల తరబడి రోజూ ఇంజెక్షను. ఆ మందు తేవాలంటే యూనివర్సిటీలో ఎందరు సంతకాలు పెట్టాలో ఊహించాను. ఆ సంతకాల్లో నా వీసా ఎక్కడ రాలిపడుతుందో కూడా ఊహించాను. మా ఇంటికి రాసిన ఉత్తరాల్లో ఇక్కడ చలి బాగుంది అని రాశాను. అక్టోబరు టెక్సస్‌లో చలేమీ ఉండదు.

రక్తం తీసే వారం వచ్చింది. ఇరవై నాలుగు హామ్‌స్టర్ల స్లైడ్లు పామాక, తలుపు గడియ పెట్టి కుడి ఉంగరంవేలికి సూది గుచ్చుకున్నాను. ఈసారి కావాలనే. రంగు వేసి, ఆరబెట్టి, వంద తెల్లకణాలు లెక్కపెట్టాను. మొదటిసారి మోనోసైట్లు ఆరు వచ్చాయి. రెండోసారి తొమ్మిది. మూడోసారి పదకొండు. అరగంటలో నా జబ్బు రెట్టింపయింది. నాలుగోసారి లెక్కపెట్టే ధైర్యం లేక స్లైడు పక్కన పెట్టాను.

పక్కన పెట్టింది పెట్టెలో. స్లైడు మూల అలవాటు కొద్దీ వజ్రపు పెన్సిలుతో ఇరవై ఐదు అని గీసి ఉంది. మర్నాడు ఉదయం ఆ పెట్టె అన్న బల్ల మీద ఉంది, నేను చూసేసరికి అతను చివరి వరస దాకా వచ్చేశాడు.

మా పద్ధతిలో స్లైడు చదివేవాడికి ఏ నంబరుకి జబ్బు ఎక్కించారో, ఏ నంబరుకి ఉప్పునీళ్ళో చెప్పరు. తెలిస్తే కన్ను మోసం చేస్తుందని. అందుకని అన్న నంబరు మాత్రం చూసి, కనబడింది రాసి, కాగితం తిన్నగా ప్రొఫెసరు గదిలో ఇచ్చేస్తాడు. నేను వెనకాలే వెళ్ళి ఆపుదామనుకున్నాను. ఏం చెప్పి ఆపాలో తోచేలోగా అతను తిరిగొచ్చి కాఫీ పోసుకుంటున్నాడు.

ఒంటిగంటకి ప్రొఫెసరు మమ్మల్నిద్దర్నీ పిలిచింది. ఆవిడకి అరవై దాటాయి. పశువుల మధ్య పెరిగిన టెక్సస్ ఆడమనిషి, గొంతు పెంచడం ఎప్పుడూ వినలేదు. బల్ల మీద ఒక పక్క అన్న కాగితం, ఇంకో పక్క నా నోట్‌బుక్కు. ఆవిడ ఇంగ్లీషు నా తెలుగులో రాస్తున్నాను.

"ఇరవై నాలుగు హామ్‌స్టర్లు కొన్నాం. ఇరవై ఐదోది ఎలా వచ్చింది? అన్నీ మగవే కదా."

నేను కిటికీలోంచి బయటికి చూశాను. పార్కింగ్ లాటు నా తరఫున ఏమీ మాట్లాడలేదు.

ఆవిడ అన్న వైపు తిరిగింది. "దీని రక్తం గురించి ఏం రాశావు?"

"మోనోసైట్లు నాలుగు, నార్మల్," అన్నాడు అన్న ఇంగ్లీషులో. "ఇసినోఫిల్స్ మాత్రం చాలా ఎక్కువ. మన గదిలో జంతువులకి ఇలా ఉండదు. కడుపులో పురుగులు ఉన్నట్టున్నాయి." అంటూనే నా కట్టు వైపు చూశాడు. తర్వాత నా మొహం వైపు చూశాడు. నెమ్మదిగా తెలుగులోకి వచ్చేశాడు. "అరేయ్. నువ్వారా అది?"

తలూపాను.

అప్పుడు మొత్తం చెప్పాను. సూది, తొమ్మిదో నంబరు, గోడ మీద కాగితం, సీటు, వీసా. ప్రొఫెసరు అంతా విని ఒక్కటే అడిగింది.

"ఎన్ని వారాలైంది?"

"ఎనిమిది."

"చెయ్యి ఇటివ్వు."

కట్టు విప్పింది. పుండు చూడగానే ఆవిడ మొహంలో రంగు మారింది. అప్పటిదాకా నాకు కొంచెం ఆశ ఉండేది. ఆవిడ లేచి, హామ్‌స్టర్లకి వాడే సన్నటి బ్లేడే కొత్తది విప్పి, గట్టు అంచు నుంచి కొంచెం కండ గీకింది. సగం స్లైడు మీద పామింది, సగం పోషక ద్రవం ఉన్న ట్యూబులో వేసింది. పరాన్నజీవి ఉంటే ఆ ద్రవంలో నాలుగు వారాల్లోపు తోకలేసుకుని ఈదుతుంది. ట్యూబు మీద ఇరవై ఐదు అని రాసింది. ఆ నంబరు నాకు ఖాయమైపోయింది.

స్లైడుకి రంగు పట్టి ఆరడానికి ముప్పావుగంట. ఆ ముప్పావుగంటా ముగ్గురం మైక్రోస్కోపు చుట్టూ కూర్చున్నాం. అన్న నా వీపు మీద చెయ్యి వేసి ఉంచాడు. జోకు ఒకటి వేద్దామని వెతికాను, దొరకలేదు.

ప్రొఫెసరు కన్ను పెట్టింది. స్లైడు అటు జరిపింది, ఇటు జరిపింది. నేను ఆవిడ కనుబొమ్మలు చదవడానికి చూశాను. ఒకచోట ఆగిపోయింది, చాలాసేపు. ఆ చుక్కా గీతా దొరికి ఉంటాయి అనుకున్నాను. ఇంజెక్షన్లు, సంతకాలు, విమానం, మద్రాసులో దిగి ఆటో బేరమాడ్డం దాకా వెళ్ళిపోయాను.

"ఇది పచ్చగా ఏమిటి?" అంది తల ఎత్తకుండా.

"పసుపండి." కడిగేసరికి సున్నం ఎరుపు పోయి మళ్ళీ పచ్చబడినట్టుంది.

"కూరలో వేసే పసుపా?"

"అవును."

"కణాలన్నీ చచ్చి ఉన్నాయి. మాక్రోఫేజులు తక్కువ. ఉన్నవాటి లోపల ఏమీ లేదు. ఇది జబ్బు చేసిన పుండులా లేదు, కాలిన పుండులా ఉంది. పసుపు కాల్చదు. ఇంకేం వేశావు?"

చెప్పాల్సి వచ్చింది. "సున్నం."

"గోడలకి వేసేది?"

"అదే. కొంచెం మెత్తగా ఉంటుంది."

"ఎన్నాళ్ళు?"

"రోజూ. మూడు వారాలకి పైగా."

ఆవిడ కుర్చీలో వెనక్కి వాలింది. "నువ్వు పశువుల డాక్టరువి కదా?"

ఆ మాటకి నా దగ్గర జవాబు ఉంది, అదే నా బాధ. హౌస్‌సర్జన్సీలో ఒక రైతు ఎద్దుని తోలుకొచ్చాడు. కాడి ఒరిసి మెడ మీద చిన్న పుండయితే పసుపూ సున్నం మెత్తాడు, అది అరచేతంత అయింది. నలుగురు రైతుల ముందు అతనికి క్లాసు పీకాను. సున్నం కండని తినేస్తుందయ్యా, నోరులేని జీవి కాబట్టి చెప్పలేకపోతోంది అన్నాను. ఆ ఎద్దు నన్ను చాలాసేపు చూసింది. ఎందుకో ఇప్పుడు అర్థమైంది.

"మరి ముందు వచ్చిన గడ్డ?" అన్నాడు అన్న.

"గుచ్చుకున్నచోట అలా గట్టిపడొచ్చు," అంది ఆవిడ. "పరాన్నజీవి ఉందో లేదో ఈ ఒక్క స్లైడు చెప్పదు. సున్నం దాన్నీ కాల్చేసి ఉండొచ్చు, లోపలెక్కడో మిగిలి ఉండొచ్చు. ట్యూబు చెప్పాలి. ఈలోపు హెల్త్ సెంటరుకి వెళ్ళు. ఫారం ఇక్కడే రాయి."

"నా అసిస్టెంట్‌షిప్?"

"ఏమైంది దానికి?"

"ఇలా జరిగిన కుర్రాణ్ణి తీసేశారని..."

"ఈ ల్యాబ్‌లో ఎవర్నీ తీసెయ్యలేదు."

అన్న తన బూట్లు చూసుకున్నాడు. కెన్యా, కేరళ రెండూ ఆ బూట్ల మీదే ఉన్నట్టున్నాయి.

ఆవిడ గొంతు అప్పుడూ పెంచలేదు. "సూది గుచ్చుకున్నందుకు ఎవర్నీ పంపను. ఎనిమిది వారాలు దాచినందుకు పంపించాలా అన్నది ట్యూబు చదివాక మాట్లాడతాను." నోట్‌బుక్కు నా ముందుకి తోసింది. ఇరవై ఐదో వరస కొట్టెయ్యనివ్వలేదు. దాని కింద 'ఇది ఈ ప్రయోగంలోని జంతువు కాదు' అని రాయించి, సంతకం పెట్టించింది. నేను సంతకం పెట్టిన వాక్యాల్లో అంత నిజమైనది ఇంకొకటి లేదు.

ఆ వారమే హామ్‌స్టర్లనీ కోశాం. వాటి కండ కూడా ట్యూబుల్లో చేరింది. ఇరవై ఐదు ట్యూబులు ఒకే స్టాండులో వరసగా. నాలుగు వారాలు ఉదయం వెళ్ళగానే ముందు ఇంక్యుబేటర్ గాజుతలుపు ముందు నిలబడేవాణ్ణి. కంటికి ఏదీ కనిపించదని తెలుసు. తెలిసినా నిలబడ్డాను. సున్నం మానేసిన వేలు మాత్రం నాతో ఏ సంబంధం లేనట్టు హాయిగా మానుతూ వచ్చింది. పురుగుల మాత్ర హెల్త్ సెంటరువాళ్ళు ఇచ్చారు. అది కడుపులో చేసిన హడావిడి ఇక్కడ రాయను.

చివరి రోజు ట్యూబులు చదివింది అన్నే. ప్రొఫెసరు పక్కన నిలబడింది. నేను ఎదురుగా కూర్చుని అతను చెప్పింది రాసుకుంటున్నాను. చుక్క తీసి, స్లైడు మీద వేసి, చూసి, నంబరు చెప్తాడు.

"ఒకటి, ఉన్నయ్. రెండు, లెవ్వు. మూడు, ఉన్నయ్."

తొమ్మిది దగ్గర "మస్తున్నయ్," అన్నాడు. నన్ను కుట్టిన సూది దానిదే. ఇరవై రెండు, లెవ్వు. ఇరవై మూడు, ఉన్నయ్. ఇరవై నాలుగు, లెవ్వు.

తర్వాతి చుక్క వేశాడు. చూస్తున్నాడు. మిగతావాటికి పట్టినంత సమయం దాటింది. ఇంకో మూలకి జరిపాడు. రెండో చుక్క వేశాడు.

"అన్నా," అన్నాను.

"ఆగు తమ్మీ. మంచిగ చూడనీ."

మూడో చుక్క కూడా వేసి, స్లైడు ఈ చివర్నుంచి ఆ చివరికి నింపాదిగా చూసి, కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"ఇరవై అయిదు, లెవ్వు. ఒక్కటి గూడ లెవ్వు." కళ్ళు తుడుచుకుంటూ మైక్రోస్కోపు ఎక్కువసేపు చూస్తే ఇట్లనే నీళ్ళొస్తయని అన్నాడు. ఇరవై నాలుగింటికి రాని నీళ్ళు.

నేను లెవ్వు అని రాయబోయాను. ప్రొఫెసరు పెన్ను తీసుకుని తనే రాసింది. "సోమవారం నుంచి కొత్త బ్యాచి వస్తోంది," అంది. "సూదులు గుచ్చేది అతను. పట్టుకునేది నువ్వు." నన్ను పంపడం లేదన్న మాటని ఆవిడ అంతకన్నా విడమరిచి చెప్పలేదు.

ఆ ఆదివారం ప్లేనోలో ఆంటీ నా వేలు పట్టుకుని తిప్పి చూసింది. గుండ్రటి మచ్చ, అంతే.

"చూశావా, మన సున్నం మహత్యం," అంది. "ఇక్కడి డాక్టర్లకి చూపిస్తే నెల్లాళ్ళు తిప్పేవాళ్ళు."

అన్న పప్పుచారు గిన్నెలోకి మొహం దించాడు. నాలో ఉన్న పశువుల డాక్టరు నోరు తెరిచాడు. ఆవిడ అప్పుడే నా కంచంలో రెండో గరిటె వేస్తోంది.

"అవునండీ," అన్నాను.